ముందు గుమ్మం పీట

బోరో పార్కు యూదు పెద్దలారా, మనసు వైద్యానికొచ్చే పిల్లల్ని దొంగసొత్తులా వెనక సందులోంచి నడిపించింది మీరే. బడి నడిపేవాళ్ళూ, సంబంధాలు కుదిర్చేవాళ్ళూ, అందరూ.

ఆ మంగళవారం కూడా డాక్టర్ జెలిగ్ ముందు గుమ్మం తుడుస్తున్నాడు. పొట్టి మనిషి, తెల్లగడ్డం, మోచేతుల దగ్గర అరిగి మెరిసే నల్లకోటు. గుమ్మానికి ఎత్తున మెజూజా, ధర్మవాక్యాల చుట్ట దాచిన చిన్న డబ్బీ. దాన్ని తాకి, వేళ్ళు ముద్దుపెట్టుకునిగాని మనవాళ్ళు లోపల అడుగుపెట్టరు. వైద్యానికొచ్చే పిల్లలకు అందాలని కింద నీలం పీట వేశాడు. ఏళ్ళు గడిచాయి. ఒక్క పాదమూ దానిమీద పడలేదు.

ధర్మగ్రంథం తల్మూద్ నేర్పే బడిలో పెరిగి, కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివాడు. కాలేజీవాళ్ళు గడ్డం చూసి నవ్వారు. బడివాళ్ళు డిగ్రీ చూసి ముఖం తిప్పుకున్నారు. అయినా కుదురులేని పిల్లలకు నడిపిస్తూ పాఠం చెప్పమని గురువుల్ని ఒప్పించాడు. "మన పాతగురువులు చెప్పిందే. నేను గుర్తుచేశానంతే" అనేవాడు.

మధ్యాహ్నం ఫ్రాడెల్ కూతుర్ని వెనకనుంచి తెచ్చింది. ఆరేళ్ళ బ్రైనా బయటివాళ్ళ దగ్గర నోరు విప్పదు. గంటసేపు బొమ్మలతో ఆడి, వెళ్ళబోతూ వీధివైపు చూసింది.

"ఆ పీట ఎవరిది?"

జెలిగ్ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. "నీదే తల్లీ. అటునుంచి వెళ్దువుగాని, రా."

ఫ్రాడెల్ పిల్ల చెయ్యి లాగింది. "వద్దు డాక్టరుగారూ! దీని అక్కకు సంబంధాలు చూస్తున్నాం. ఎదురింటి మహాతల్లి కిటికీకి అతుక్కుపోయి ఉంటుంది."

"ఉండనీ. ఆవిడకీ కాలక్షేపం కావద్దూ?"

"మీకు నవ్వులాటే! పెద్దదాని పెళ్ళి కానివ్వండి, బాజాలతో ముందునుంచే తీసుకొస్తా."

బ్రైనా నోరు మళ్ళీ మూతబడింది. తల్లీకూతుళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. జెలిగ్ వీధితలుపు బార్లా తెరిచి, దానికెదురుగా కుర్చీ వేసుకున్నాడు.

సాయంత్రం ప్రార్థనకు రాలేదేమని తమ్ముడొచ్చి చూస్తే, ఆ కుర్చీలోనే పోయి ఉన్నాడు. కళ్ళు గుమ్మం మీదే.

సంతాపపు ఏడు రోజులూ తల్లులు వచ్చారు. ఏడ్చారు. ఆ రావడమూ వెనకనుంచే!

ఇక చాలు. ఫ్రాడెలమ్మా, పెద్దదాని పెళ్ళిదాకా ఆగకు. ఆయన చోట కొత్త డాక్టరమ్మ కూర్చుంటోంది. నీ పిల్లను పట్టపగలు, వీధివైపునుంచి తీసుకురా. మిగతా తల్లులూ రండి. చూసేవాళ్ళను చూడనివ్వండి. పిల్లల్ని పీట ఎక్కించండి. అక్కడే ఉంది, నీలంరంగు గోరంతైనా చెరగకుండా.