అద్దెకిచ్చిన పేరు

లేబరు కాంట్రాక్టరు సురేంద్రా, నీతోనే మొదలుపెడతాను. ధనుర్జయ చెయ్యి రోలర్ల మధ్య నలిగిన రోజు నువ్వు అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. నీ కారు సీటుకు రక్తం అంటుతుందని ముందు సిమెంటు సంచులు పరిపించావు. షెడ్డు యజమానీ, గేటు మీద ‘స్థానికులకే ఉద్యోగాలు’ అని బోర్డు పెట్టి, లోపల ఒడిశా పిల్లలతో సగం కూలికి పనిచేయించింది నువ్వు. ఆ బోర్డు కింద ఫోటోలు దిగి, లోపలికి తొంగి చూడకుండా వెళ్ళిపోయిన అధికారులారా, మీరు. ఇక మన ఊళ్ళవాళ్ళం. మనల్ని కూడా వదలను.

నేను హిందూపురం దగ్గర ఆ షెడ్డులోనే కాటా చూస్తాను. పాత ఇనుము కరిగించి కడ్డీలు తీసే షెడ్డు అది. స్థానికుల పేర్లు హాజరులో ఉంటే కంపెనీకి రాయితీలు వస్తాయి. స్థానికుడిని పెట్టుకుంటే పూర్తి కూలి అడుగుతాడు, సెలవడుగుతాడు. అందుకని సురేంద్ర పెనుకొండ చుట్టుపక్కల పల్లెలు తిరిగాడు. “నీ ఆధార్ ఇయ్యప్పా, సంతకం పెట్టు. పనికి రావద్దు. నెలనెలా ఇంత అని ఇంటికే పంపిస్తా” అన్నాడు. జనం ఇచ్చారు. పేరు అద్దెకివ్వడం అంటారు దీన్ని, కొట్టు గది అద్దెకిచ్చినంత తేలిగ్గా. ఆ పేరు మీద ఒడిశా నుంచి వచ్చినవాడు కొలిమి ముందు నిలబడతాడు. తనిఖీకి ఎవరైనా వస్తే పట్టుబడకూడదని షెడ్డులో అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలవాలి.

ధనుర్జయది ఒడిశాలో బొలాంగీర్ జిల్లా. షెడ్డులో అతని పేరు ఉలిగప్ప.

అసలు ఉలిగప్పది పెనుకొండ దగ్గర పల్లె. వానలు లేక చెనిక్కాయ పంట వరసగా పోయింది. పొద్దున్నే టీ బంకు దగ్గర కూర్చుని, “ఈ ఒరియావోళ్ళు వచ్చి మన కూలి పడగొట్టినారబ్బా. మనోళ్ళకు పని యాడుండాది?” అని అందరికంటే గట్టిగా అరిచేవాడు. తన పేరుతో పనిచేసేవాడు కూడా ఒరియావాడేనని అతనికి తెలుసు. తెలిసినా అరిచేవాడు.

ఉలిగప్ప తల్లి వెంకటమ్మకు వితంతు పింఛను వచ్చేది. ఒక నెల ఆగిపోయింది. గ్రామ సచివాలయంలో అడిగితే, “నీ కొడుక్కి కంపెనీ ఉద్యోగం ఉండాది కదవ్వా” అన్నారు. ముసలామె ఇంటికొచ్చి, “ఏమిరా, నీకు ఉద్యోగం వచ్చిందంట. నాకు చెప్పలేదే?” అని అడిగింది. ఉలిగప్ప పెరట్లోకి వెళ్ళిపోయాడు. సురేంద్రకు ఫోన్ చేస్తే, “సరిచేయిస్తాలేప్పా” అన్నాడు. సరిచేయలేదు. అద్దె మాత్రం మానలేదు కాబట్టి ఉలిగప్ప కూడా మళ్ళీ అడగలేదు.

ఇదంతా ఎవరికీ తెలియని గుట్టు కాదు. మాకందరికీ తెలుసు. పేరుకు చెయ్యి కూడా ఉంటుందని మాత్రం ఎవరం అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం ధనుర్జయ గ్లవుజు రోలర్లకు చిక్కింది. గ్లవుజుతో పాటు కుడిచెయ్యి కూడా వెళ్ళింది. సురేంద్ర అతన్ని సిమెంటు సంచుల మీద పడుకోబెట్టి, హిందూపురంలో కార్మికుల కార్డు చెల్లే ఒక ఆసుపత్రిలో చేర్చాడు. కార్డు మీద పేరు ఉలిగప్ప. ఆపరేషన్‌కు ఇంటివాళ్ళు ఒప్పుకోవాలని, కార్డులో ఉన్న నంబరుకు ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేశారు. ఎత్తింది ఉలిగప్ప భార్య గంగులమ్మ.

“ఉలిగప్ప భార్యేనమ్మా? మీ ఆయన చెయ్యి మిషన్లో పడింది. ఆపరేషన్ చెయ్యాల. తొందరగా రండి.”

గంగులమ్మ వెనక్కి తిరిగి చూసింది. మొగుడు గోడకు ఆనుకుని భోంచేస్తున్నాడు.

“మా ఆయన చెయ్యా? రెండు చేతులూ బాగుండాయి. ఒగటి సంగటి ముద్దలో ఉండాది.”

“మరి ఈడ పండుకున్నోడు ఎవరమ్మా?”

“నాకేం తెలుసు? ఎవుడో దొంగ మా ఆయన పేరు చెప్పుకున్నాడేమో. పోలీసోళ్ళకు పట్టియ్యండి.”

ఆమె ఫోన్ పెట్టేసి నవ్వుతూ చెప్పింది. ఉలిగప్ప నవ్వలేదు.

“ఎంత పని చేసినావే!”

“నేనేం చేసినా? ఉన్నదే చెప్పినా.”

“ఆయప్ప మన పేరు మీద పనిచేసేటోడే.”

“పేరే కదయ్యా మనం ఇచ్చింది,” అంది. “చెయ్యి యాడిచ్చినాం?”

ఆసుపత్రిలో ఆపరేషన్ ఆగింది. దొంగ కార్డుకు వైద్యం చేస్తే రేపు తాము జవాబు చెప్పాల్సి వస్తుందన్నారు. కట్టు కట్టి, సూది వేసి, మనిషిని సురేంద్రకు అప్పగించారు. సురేంద్రకు అంతకంటే కావలసింది లేదు. చెయ్యి పోయినవాడు ఊళ్ళో లేకపోతే ప్రమాదం కూడా జరగనట్టే. హిందూపురం రైల్వే స్టేషన్లో తన మొహం అందరికీ తెలుసు. అందుకని ధర్మవరంలో భువనేశ్వరం బండి ఎక్కించి పంపేయాలనుకున్నాడు.

షెడ్డు గేటు ముందు టీ కొట్టు నడిపే గుల్షన్‌కు ఆ మాట సురేంద్ర డ్రైవరు నోటి నుంచే దొరికింది. ధనుర్జయకు తెలుగు నేర్పింది ఆమే. పరిగెత్తుకుంటూ కాటా దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఆ పిల్లోణ్ణి ధర్మవరం తీసకపోయినారు. సాయంత్రం బండికి ఎక్కిస్తారంట. దావలో చచ్చిపోతాడన్నా. నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?”

పేరిచ్చినవాడే వచ్చి చెబితే తప్ప ఆగదని నేను ఉలిగప్పకు ఫోన్ చేశాను. అతను అప్పటికే పెనుకొండ బస్టాండులో నిలబడి ఉన్నాడు, ఎటు పోవాలో తెలియక. నా బైకు మీద ఎక్కించుకున్నాను.

“నా మీద కేసు పెడతారా అన్నా?”

“పెడతారు.”

“మా అమ్మ పింఛను?”

“అది ఎప్పుడో పోయింది కదప్పా.”

ధర్మవరం దగ్గర పడ్డాక అడిగాడు. “ఆ పిల్లోడు ఎట్లుంటాడు?”

“పోయినాక నువ్వే చూస్తావులే,” అన్నాను. నాకు కోపంగా ఉంది.

ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు ధనుర్జయ. కట్టు మీద ప్లాస్టిక్ కవరు చుట్టారు, రక్తం బయటికి కనబడకుండా. జ్వరంతో ఒళ్ళు వణుకుతోంది. పక్కన అతని సంచి. సురేంద్ర చేతిలో టిక్కెట్టు, నీళ్ళ సీసా. అప్పుడే బండి వచ్చి ఆగింది.

“ఉలిగప్పా, లెయ్యి. ఎక్కు.”

ధనుర్జయ లేచాడు. ఆ పేరుకు లేవడం అతనికి అలవాటైపోయింది.

“నేనెక్కనప్పా,” అన్నాడు వెనక నుంచి ఉలిగప్ప.

సురేంద్ర తిరిగి చూసి, నవ్వు తెచ్చుకున్నాడు. “ఏమప్పా, నువ్వేంది ఈడ? నీ దుడ్లు ఒకటో తారీకు కదా.”

“దుడ్లకు రాలేదు. ఈయప్పను పంపొద్దు.”

“యో, నోరు తెరిస్తే ముందు లోపలికి పోయేది నువ్వే. కార్డు నీది, సంతకం నీది. రేషన్ కార్డు కూడా ఎగిరిపోతాది. ఎవనికోసం? యాడనుంచో వచ్చి మీ కూలి పడగొట్టినోనికోసమా?”

ఆ మాట ఉలిగప్పదే. టీ బంకు దగ్గర రోజూ అన్న మాట. ఇప్పుడు అతని ముందే పడింది. తల దించుకున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను, నిజం చెబుతున్నాను.

ధనుర్జయ అతని దగ్గరికి వచ్చాడు. “నువ్వే ఉలిగప్పనా?”

“నేనే.”

“హాస్పిటల్ల చెప్పినారు. మీ ఇంటామె నన్ను దొంగ అన్నాది అంట.” కోపం లేదు ఆ గొంతులో. అడుగుతున్నాడంతే. “అన్నా, బండి పోతాది. ఎక్కల్లా, వద్దా?”

ఉలిగప్ప బెంచీ పక్కనున్న సంచిని లాక్కుని, ప్లాట్‌ఫారం మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. సురేంద్ర భుజం పట్టి లాగాడు. ఉలిగప్ప రెండు చేతులతో బెంచీ కాలు పట్టుకున్నాడు. “యా బండీ లేదు. ఈయప్ప యాడికీ పోడు,” అని అరిచాడు. జనం చుట్టూ చేరారు. బండి కదిలి వెళ్ళిపోయింది.

రైల్వే పోలీసు కర్ర ఊపుకుంటూ వచ్చాడు. “ఏందిరా గలాటా?”

“సార్, ఆ షెడ్డులో పనిచేసింది ఈయప్ప. పేరు నాది. ఇంట్లో కూర్చుని దుడ్లు తిన్నది నేను. రాసుకోండి.”

రాసుకున్నారు. మొదటి పేరు ఉలిగప్పదే రాసుకున్నారు. సురేంద్ర అప్పటికి బెంచీ దగ్గర లేడు, ఎక్కడా లేడు.

ధర్మవరం పెద్దాసుపత్రిలో ధనుర్జయ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ముందే ఆపరేషన్ చేసి ఉంటే వేళ్ళు పోయినా అరచెయ్యి మిగిలేదని డాక్టరమ్మ చెప్పింది. మరునాడు గంగులమ్మ క్యారియర్లో సంగటి తెచ్చింది. అతను ఎడమ చేత్తో తడబడుతుంటే చూడలేక వరండాలోకి వచ్చింది.

“నేను అబద్ధం చెప్పలేదు కదన్నా?” అంది.

లేదన్నాను.

ఇప్పుడు ఉలిగప్ప పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడు. సురేంద్ర కారులో తిరుగుతున్నాడు. కంపెనీ భయపడి అన్ని అద్దెలూ ఆపేసింది. దాంతో ఊళ్ళో జనం ఉలిగప్ప ఇంటి ముందుకొచ్చి, “నీ ఒక్కనివల్ల అందరి పొట్టా కొట్టినావు కదరా” అని తిడుతున్నారు. వెంకటమ్మ పింఛను ఇంకా రాలేదు.

తిట్టేవాళ్ళారా, వినండి. మీ కూలి పడగొట్టింది ఒరియావాడు కాదు. సగం కూలికి అతన్ని నిలబెట్టడానికి సురేంద్రకు ఒక పేరు కావలసి వచ్చింది, అది మీరిచ్చారు. పనిలేని కాలంలో ఇచ్చారు, ఆకలికి ఇచ్చారు, నాకు తెలుసు. పని చూపించని ప్రభుత్వం తప్పు పెద్దది. అంతమాత్రాన మన తప్పు మాసిపోదు.

సోమవారం పొద్దున పెనుకొండలో అధికారులు అర్జీలు తీసుకుంటారు. పేరు అద్దెకిచ్చిన ప్రతి ఒక్కరూ ఆధార్ పట్టుకుని రండి. ఉలిగప్పను ఒంటరిగా నిలబెట్టకండి. షెడ్డులో పనిచేసేవాడి పేరే హాజరులో రాయాలని అడగండి. ఒడిశావాడికైనా ఊరివాడికైనా ఒకే కూలి అడగండి. సురేంద్రను, యజమానిని అరెస్టు చేయమని అడగండి. పోయిన చేతికి పరిహారం ధనుర్జయ పేరుతోనే ఇప్పించేదాకా ఆఫీసు మెట్లు దిగకండి.