అర మిల్లీమీటరు మచ్చ

బెజవాడలో ఒక మిషను ఆసుపత్రి వెనకగదిలో పద్దెనిమిదేళ్ళుగా మైక్రోస్కోపులోకి చూసి చూసి డాక్టరు సంజీవరావుకి నడుమూ ఓపికా రెండూ వంగిపోయాయి. రోగుల ఒంట్లోంచి కోసిన ముక్కలు వస్తాయి. ఫలానా జబ్బని ఆయన రాస్తాడు. మనిషి బతుకుతాడా అని ఎవరైనా అడిగితే మాత్రం 'దేవుడి దయ' అనేవాడు. అదేమన్నా డాక్టరు చెప్పాల్సిన మాటా? పాస్టరుగారు చెప్పాల్సింది.

అలాంటిది, ఆరేడేళ్ళ కిందట పైదేశంలో ఒక దారి కనిపెట్టారు. నల్లమచ్చ క్యాన్సరైతే, అది చర్మంలోకి ఎంత దిగిందో కొలిచి రోగి సంగతి చాలావరకు ముందే చెప్పొచ్చట. ముప్పావు మిల్లీమీటరు లోపైతే దాదాపు గండం గడిచినట్టే. ఓడలో వచ్చే పాత వైద్యపత్రికలో ఇది చదివి, సంజీవరావు మైక్రోస్కోపుకి గీతలున్న గాజు కొలతబిళ్ళ కూడా తెప్పించుకున్నాడు.

మొన్న సర్జనుగారు పంపిన ముక్క అంకాలమ్మ మడమది. హనుమాన్ జంక్షన్‌లో గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మనిషి. లోతు తక్కువైతే ఇంటికి పంపేద్దాం, ఎక్కువైతే పాదం తీసేద్దాం అన్నారు సర్జనుగారు. సంజీవరావు కొలిచాడు. అర మిల్లీమీటరు. పైపొర బాగా పల్చబడి ఉంది. చెప్పుల్లేని కాలు కదా, రాళ్ళకి రాసుకుని అరిగి ఉంటుందిలే అనుకున్నాడు. ఎన్నాళ్ళకో ఒకరికి మంచిమాట చెప్పబోతున్నానని ప్రాణం లేచొచ్చి, ఆమెను తనే పిలిపించాడు.

"గండం లేదమ్మా. మచ్చ పైపైనే ఉంది. కాలు తియ్యక్కర్లేదు."

అంకాలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "చల్లని మాట చెప్పారండీ. నేను ఆనెకాయేమో అనుకున్నా. నల్లగా లేస్తుంటే ఎప్పటికప్పుడు బ్లేడుతో చెక్కేసేదాన్ని. ఇక్కడికొచ్చే ముందు కూడా నున్నగా చెక్కుకొచ్చా. అంత వికారం కాలు పెద్ద డాక్టర్లకి చూపిస్తామాండీ?"

రిపోర్టు మీద సంతకం పెట్టబోతున్న సంజీవరావు కలం ఆగింది.

"ఎంత మందం చెక్కావు?"

"ఎంతండీ, చేప పొలుసంత."

అంతే కదా అని ఆయన ఆశపడ్డాడు. "ఒక్కసారేనా?"

"శనివారం శనివారమండీ. ఆ రోజు నీసు కొనేవాళ్ళు తక్కువ గదా, తీరిగ్గా కూర్చుని చెక్కుకుంటా. ఉగాదప్పట్నించి."

ఉగాది వెళ్ళి ఆరు నెలలైంది. ఎన్ని శనివారాలో లెక్కపెట్టే ఓపిక సంజీవరావుకి లేకపోయింది. తను కొలిచిన అర మిల్లీమీటరు చెక్కగా మిగిలిందే. చెక్కినవన్నీ మట్టిలో కలిసిపోయాయి, ఇక వాటిని కొలిచేదెవరు? అడగాల్సిన ఒక్క ప్రశ్న అడక్కుండా అంకె వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రిపోర్టులో ఆ అంకె కొట్టేశాడు.

"కొట్టేశారేంటండీ?"

"కూర్చో అమ్మా. నేను తొందరపడ్డాను. అసలు లోతెంతో ఇప్పుడు చెప్పలేను."

ఆమె కూర్చోలేదు. "కాలు పోద్దా, ప్రాణం పోద్దా? అదొక్కటి చెప్పండి."

"కాలు తీయిస్తే ప్రాణం దక్కొచ్చు. తీయించినా దక్కుతుందని మాటివ్వలేను."

అంకాలమ్మ కట్టుకట్టిన మడమ కేసి చూసుకుంది.

"ఇందాక చెప్పిన మాటే బాగుందండీ," అని, అయినా కాలు తీయించుకోవడానికే కుంటుకుంటూ సర్జనుగారి గది వైపు నడిచింది.