చామనఛాయ చెయ్యి

కుట్టుమిషను చప్పుడు.

ఫోనులోంచి వస్తుంది. టకటకటక... గుడ్డ తిప్పుకునేంత చిన్న విరామం. మళ్ళీ టకటకటక...

"హలో" అంటాడు బావ, ఎప్పటిలాగే స్పీకరు పెట్టి.

మిషను ఆగిపోతుంది.

బావ మాట్లాడినంతసేపూ ఆగే ఉంటుంది. తిన్నావా, నిద్రపోతున్నావా, చలిగా ఉందా — బావ ప్రశ్నలు ఎప్పుడూ ఆ మూడే. మూడింటికీ ఊ అంటుంది ఆమె. ఊ అంటూనే బావ గొంతు వెనకాల వెతుక్కుంటుంది. ఒక దగ్గు... ఒక గాజుల సవ్వడి... ఏదైనా సరే.

ఏమీ ఉండదు.

"మీ అక్క ఏదో పనిలో ఉందమ్మా" అంటాడు చివరికి. పాపం, అబద్ధమాడటం చేతకాని మనిషి.

ఫోను పెట్టేయబోతుంటే మళ్ళీ మొదలవుతుంది. టకటకటక...

నాలుగు నెలలుగా ఇంతే.

చేతులూ కాళ్ళూ పోయినవాళ్ళకి కొత్తవి చేసిపెట్టే చదువు ఆమెది. ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు పరాయి దేశంలో, పనిచేసే చోటే పని నేర్చుకోవాలి. అది లేనిదే పట్టా లేదు. ఆ సీటు క్లాసు మొత్తానికి ఒక్కరికే వచ్చింది. ఆమెకే వచ్చింది.

అప్పటికి అక్కకి అయిదో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు. వేళ్ళు మడిచి లెక్కపెడితే, పురుడు సరిగ్గా ఆమె లేని రోజుల్లోనే పడింది.

"పురిటికి అందరూ పుట్టింటికి వెళ్తారు. నాకు పుట్టిల్లంటూ ఉంటే అది నువ్వేగా" అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

అమ్మ పోయేనాటికి ఆమెకి ఆరేళ్ళు, అక్కకి పదిహేను. జడ వేసింది అక్కే. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసిందీ అక్కే. పగలంతా జాకెట్లు కుట్టి, ఆ చేత్తోనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

అలాంటి అక్కతో ఆమె అంది —

"నేను లేకపోతే నీ పురుడేమైనా ఆగిపోతుందా?"

కాలు జారితే తీసుకోగలం గానీ, నోరు జారితే తీసుకోలేం. ఆ సామెత నేర్పింది కూడా అక్కే.

అక్క దారం కొరికింది. ఆ రోజు నుంచీ ఒక్క మాట లేదు.

ఆమె పనిచేసే చోటికి రేకుల కప్పు. బారుగా బల్లలు. బల్లల మీద చేతులు — ఆరిపోయినవి, సగం ఆరినవి, ఇంకా రంగు పడనివి. మొదటి వారం వాటిని చూస్తే ఆమెకి అన్నం సయించలేదు. ఇప్పుడు వాటి పక్కనే టీ పెట్టుకుంటుంది.

కిటికీ వెలుగులో కూర్చుని, మనిషికి మిగిలిన చేతిని చూస్తూ, లేని చేతికి రంగు కలపాలి. పొర మీద పొర. కింద ఎరుపు, దాని మీద పసుపు, ఆపైన ఒంటి ఛాయ. చివర్న నరాలూ, మచ్చలూ, కణుపుల దగ్గర నలుపూ.

అక్కడ ఒకటే నియమం. మనిషి ఎదురుగా లేకుండా కుంచె ముట్టుకోకూడదు.

"కన్ను తనకి ఇష్టమైందే గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని నమ్మకు" అంటాడు పెద్ద మేస్త్రి.

ఆమె చేతికొచ్చిన మొదటి సొంత పని — రొట్టెలావిడ చెయ్యి.

బేకరీలో పిండి కలిపే యంత్రంలో పడి రెండేళ్ళ కిందట ఎడమచెయ్యి పోయింది ఆవిడకి. నవ్వు మాత్రం పోలేదు. శనివారం కొడుకు పెళ్ళి. "పనికి కాదమ్మా, ఫొటోకి. ఆ ఒక్కరోజూ రెండు చేతులున్న అమ్మలా నిలబడాలి" అంది.

సోమవారం మధ్యాహ్నం బావ నాలుగో మాట కూడా చెప్పాడు.

"డాక్టరుగారు ఈ వారంలోనే అంటున్నారమ్మా. కాళ్ళు బాగా వాచాయి. అయినా మిషను దిగదు."

మిషను ఆగి ఉంది. బావ పెట్టేయబోయాడు. టకటకటక...

ఆ పూట రొట్టెలావిడ పొయ్యి వేళయిందని తొందరగా వెళ్ళిపోయింది. ఒంటి ఛాయా, పై మెరుగులూ మిగిలాయి. రేపు చేయొచ్చు. రేపే చేయాలి. కానీ ఆమెకి కాలు నిలవలేదు, చెయ్యి నిలవలేదు. ఈ వారంలోనే... ఈ వారంలోనే...

వాన మొదలైంది. రేకుల మీద టకటకటక.

కుంచె తీసుకుంది.

మర్నాడు పెద్ద మేస్త్రి ఆ చేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరి చెయ్యి?"

రొట్టెలావిడది పిండిలాంటి తెలుపు. ఇది చామనఛాయ. చూపుడువేలి కొసన సన్నటి నల్లచుక్కలు, సూది దిగిన గుర్తులు. మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, చంద్రవంకలా.

చూసేదాకా ఆమెకే తెలియదు.

అక్క చెయ్యి.

ఎక్కిన రంగు ఇక పోదు. పెద్ద మేస్త్రి అరవలేదు. అరిచినా బాగుండేది. "నీ కాలేజీకి పంపే రిపోర్టులో ఇది రాయక తప్పదు. శుక్రవారానికి ఇంకోటి కావాలి. ఆవిడకి నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పింది. నేల చూస్తూ చెప్పింది.

రొట్టెలావిడ ముందుకు వంగింది. ఉన్న చేత్తో ఆ చేతిని పట్టుకుంది. చంద్రవంక మచ్చ మీద బొటనవేలు పెట్టింది.

"ఈవిడ కూడా కష్టపడే మనిషే. ఎవరు?"

అంతే. నాలుగు నెలల ఏడుపు ఒక్కసారి వచ్చేసింది.

మంగళ, బుధ, గురువారాలు రొట్టెలావిడ కుడిచెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఆమె చూస్తూ వేసింది, వేస్తూ చెప్పింది. పుట్టింటి మాట. నోరు జారిన మాట. ఫోను, మిషను... "నా గొంతు వింటే చాలు, లేచి వెళ్ళిపోతుంది కాబోలు."

"వెళ్ళిపోయిందని ఎలా తెలుసు?"

"మిషను ఆగిపోతుందిగా."

రొట్టెలావిడ నవ్వింది. "పిచ్చిపిల్లా. కాళ్ళు వాచిన నిండు గర్భిణి, నువ్వు ఫోను పెట్టేలోపు మళ్ళీ వచ్చి కూర్చుంటుందా? ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. నీ మాట వినపడాలని ఆపుతుంది. కోపమే అయితే ఇంకా గట్టిగా తొక్కేది."

కుంచె ఆగిపోయింది.

ఎన్ని ఫోన్లు... ఎన్ని ఊ లు... అక్క వినడానికి మిషను ఆపుకుని కూర్చుంటే, ఇన్నాళ్ళూ ఆమె ఇచ్చింది ఊ ఒక్కటే.

శుక్రవారం రొట్టెలావిడ కొత్త చెయ్యి తొడుక్కుని, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఏది ఏదో చెప్పమని పెద్ద మేస్త్రికి పరీక్ష పెట్టింది. చామనఛాయ చేతిని పెద్ద మేస్త్రి చెత్తలో వేయలేదు. కాగితంలో చుట్టి ఆమె సంచీ పక్కన పెట్టాడు. రిపోర్టులో ఏం రాశాడో చెప్పలేదు, ఆమె అడగలేదు.

శనివారం సెలవు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కిటికీ. కిటికీలో చెయ్యి. బయట సన్నగా వాన.

టకటకటక...

"హలో, తిన్నావా—"

మిషను ఆగింది.

"బావా, ఇవాళ నన్నేమీ అడక్కు. ఫోను మిషను పక్కన పెట్టి నువ్వు అవతలికి వెళ్ళు."

చెప్పుల చప్పుడు దూరమైంది.

"అక్కా..."

ఏమీ లేదు.

"ఇక్కడ ఒక చెయ్యి పాడుచేశానే. ఒకావిడ కోసం మొదలుపెడితే నీదైపోయింది. నీ మచ్చతో సహా వచ్చింది. నా కిటికీలోనే ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ దాన్నే చూస్తున్నాను."

వాన.

"ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాకు రావాలని ఉందక్కా. ఇప్పుడే రావాలని ఉంది. ఇంకా రెండు నెలలు రాలేను."

అవతల ఒక బరువైన ఊపిరి. నెలలు నిండిన ఊపిరి, ఇద్దరిది.

ఆమె కిటికీలోని చేతి మీద తన చెయ్యి వేసింది. చల్లగా ఉంది. నల్లచుక్కల మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. పెట్టేస్తే మొదలవుతుందేమో... అందుకే పెట్టేయలేదు. ఒక నిమిషం. ఇంకో నిమిషం. రేకులు లేని కిటికీ మీద వాన చప్పుడు లేకుండా పడుతోంది.

అక్క మాట్లాడలేదు.

మిషను ఇంకా మొదలవలేదు...