నీలి గుర్రం బొమ్మ

పొద్దున్నే అండాలమ్మ పనులకు ఒక వరస ఉంది. వాకిలి ఊడ్చి, చాయ్ తాగి, జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడుకే చంపాపేట్‌లోని ఆ గల్లీ సగం నిద్ర లేస్తుంది. రొట్టెలన్నీ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు పోతాయి. చివరి రొట్టె మొగుడు జంగయ్యకు పెట్టి, అలమరలోని బిస్కెట్ల డబ్బా దించి మూత తీస్తుంది. ఈమధ్య ఎవరికి అమ్మినా, నీలి గుర్రం బొమ్మ తెల్లారేసరికి అందులో ఉంటోంది.

"మళ్ల వచ్చినవా తల్లీ," అని నిట్టూరుస్తుంది.

అది ఒకప్పుడు పిప్పరమెంట్ల పొట్లంతో ఇచ్చిన సినిమా బొమ్మ. అరచేతిలో పట్టే అట్టముక్క మీద, గుర్రమెక్కిన హీరో. అచ్చువేసినవాళ్ల పొరపాటుకు గుర్రం నీలంగా పడింది. తప్పు తెలిసి వెంటనే ఆపేశారు కాబట్టి అలాంటివి ఎన్నో మిగల్లేదు. పాత సినిమా కార్డులు పోగుచేసేవాళ్లు దానికోసం ఎంతైనా పెడతారని కూతురు సంధ్యారాణి ఫోన్లో చూసి చెప్పింది.

చిన్నప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీల పిల్లలు ఈ బొమ్మలతోనే ఆడేవాళ్లు. బొమ్మను బోర్లా పెట్టి, పక్కన నేలమీద అరచేత్తో చరచాలి. ఆ గాలికి బొమ్మ వెల్లకిలా పడితే చరిచినవాళ్లదే. ఆ ఆటలో అండాలమ్మకు ఎదురులేదు. ఆమె గెలిచిన బొమ్మలకు ఒక గుణం ఉంది. ఆటలో గెలుచుకున్నవాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు. కర్మన్‌ఘాట్ నుంచి ఒకాయన డబ్బిచ్చి తీసుకుపోయాడు, మర్నాటికి బొమ్మ డబ్బాలో ఉంది. ఫోన్ చేస్తే, "గెలిచిన బొమ్మా? ముందే చెప్పొద్దా!" అని డబ్బు వెనక్కి వేయించుకున్నాడు. రెండో ఆయనా అంతే.

బొమ్మ అమ్మితేనే జంగయ్య కాళ్లు బాగయ్యేది. మామిడిపండ్ల గంపలు మోసి మోసి అతని మోకాళ్లు అరిగిపోయాయి. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయినప్పటి నుంచి రెండో అంతస్తు గదిలోనే కూచున్నాడు, మెట్లు దిగలేడు. సోమవారం వచ్చి చేరితే మోకాళ్లు మారుస్తామని దవాఖానలో చెప్పారు.

మూడో కొనుగోలుదారు చక్రపాణి. భీమవరం వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ బ్యాంకు ఆఫీసరు, ఇప్పుడు రిటైరయ్యాడు. కార్డును వేలితో తాకడు, చిన్న పట్టకారుతో పట్టుకుంటాడు. ఆయన దగ్గర్నుంచీ బొమ్మ వచ్చేసింది. మర్నాడు ఆయనే వచ్చాడు. అండాలమ్మ డబ్బు కట్ట తెచ్చి ముందు పెట్టింది.

"ఉంచండమ్మా. చిన్నప్పుడు ఈ ఆటలో ఒక్క కార్డు కూడా గెలవలేదు నేను. ఇది గెలుచుకునే పట్టుకెళ్తాను."

"గెలిచినంకనే గీ పైసలు ముట్టుకుంట సార్," అంది అండాలమ్మ.

రోజూ సాయంత్రం మెట్ల కింద ఆట. చక్రపాణి చరుస్తుంటే చూసేవాళ్లకే సిగ్గేసేది.

"గట్ల జోకొడితే లేస్తదా సార్? గట్టిగ చరచుండ్రి!"

"నలిగిపోతుందేమోనండీ. మూల కాస్త మడత పడినా దీని విలువ సగానికి పడిపోతుంది."

ఆమె తన వంతులో ఓడిపోదామనుకున్నా, రొట్టెలు తట్టే ఆ చేతికి ఓడిపోవడం చేతకాదు. నేలకు తగిలీ తగలకముందే బొమ్మ లేచి తిరగబడేది. ఒకరోజు సంధ్యారాణి జాలిపడి, ఆయన చరిచేటప్పుడు పక్కనుంచి మెల్లగా ఊదింది. బొమ్మ తిరగబడింది. చక్రపాణి ఆనందంగా తీసుకెళ్లాడు. తెల్లారేసరికి బొమ్మ డబ్బాలో ఉంది, సంధ్యారాణికి బాగా తిట్లు పడ్డాయి.

ఆదివారం రానే వచ్చింది. చక్రపాణి అరచెయ్యి ఎర్రగా కందింది తప్ప బొమ్మ కదల్లేదు. అంతలో మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. తలెత్తి చూస్తే జంగయ్య. నిలబడి దిగలేక, ఒక్కో మెట్టు మీదా కూచుని, చేతులూని, కిందికి జరుగుతున్నాడు. ముఖమంతా చెమట.

"ఇడ్సిపెట్టు అండాలూ. సార్‌ను ఎందుకు పరేషాన్ చేస్తవు? నాకు గా గదే మంచిగున్నది," అన్నాడు, ఆయాసపడుతూ.

చిన్నప్పటినుంచీ వెతికిన కార్డు కళ్లముందే ఉన్నా చక్రపాణి దానివైపు చూడలేదు. జంగయ్య మోకాళ్లనే చూస్తూ, చెయ్యి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి నేలను చరిచాడు. బొమ్మ గాల్లో పల్టీ కొట్టి, మెట్టు అంచుకు తగిలి, వెల్లకిలా పడింది. నీలి గుర్రం పైకి తేలింది. మూల మడత పడింది.

మర్నాడు అండాలమ్మ రొట్టెలు తట్టకముందే డబ్బా మూత తీసింది. బొమ్మ లేదు. తడిమి తడిమి చూసింది, లేదు. ఇన్నేళ్లూ తోడున్నది పోయిందని మనసు కాస్త చివుక్కుమంది కానీ, అంతకు మించిన సంతోషంతో ఏడుపొచ్చింది. ఆ పెద్దమనిషి చల్లగా ఉండాలని చేతులెత్తి మొక్కి, డబ్బు కట్ట కొంగున కట్టుకుని, ఆటో పిలవమని కూతురిని పంపింది.

ఎండలు ముదిరేనాటికి జంగయ్య, కర్ర పట్టుకుని, భార్యతో చక్రపాణి ఇంటికి వచ్చాడు. చక్రపాణి ఆల్బమ్ తీసి చూపించాడు. "సగం ధర కూడా రాదంటున్నారు మావాళ్లు," అన్నాడు గర్వంగా. ఆయన పట్టకారు ఎక్కడా కనపడలేదు.

జంగయ్య బొమ్మను తీసి మడతపడ్డ మూలను కళ్లకద్దుకున్నాడు.

"బొమ్మకేం మొక్కుతవయ్యా, గా చెయ్యికి మొక్కు," అంది అండాలమ్మ.

"అయ్యో, వద్దండీ," అంటూ చక్రపాణి చెయ్యి వెనక దాచుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. జంగయ్య కర్రను గోడకు ఆనించి, ఆ నాలుగడుగులూ నడిచి వెళ్లి, ఆ చెయ్యి పట్టుకున్నాడు.