తువాలు మీద పసరు

తాళం వేసిన గదిలో టమాటా మొక్కల్ని ఎవరో రోజూ నిమురుతున్నారని ఆకుల పరీక్షలో తేలేసరికి పరిశోధకురాలు ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది.

మొక్కలో కొన్ని జన్యువులు మేస్త్రీల్లాంటివి. తాము పని చేయవు, మిగతా జన్యువులను పనిలోకి పిలుస్తాయి. వాటికీ కుటుంబాలుంటాయి. నీళ్లు కరువైతే లేచేవి కొన్ని, చలికి లేచేవి కొన్ని. ఒంటి మీద చేయి పడితే లేచేవి వేరు. ఇప్పుడు లేచి కూర్చున్నవి అవే. అదీ ఒక్క వరసలోనే, ఆమె అక్క గింజల వరసలో.

కరువును తట్టుకునే మేస్త్రీ జన్యువును పట్టుకుని, టమాటాలో పెట్టి, ఫలితం చూడకుండానే అక్క జబ్బుతో కన్నుమూసింది. ఆ పని చెల్లెలిగా ఈమె అందుకుంది. పక్క వరసలోని మామూలు మొక్కలు ఏపుగా ఎదిగాయి. అక్క మొక్కలు మాత్రం గిడసబారిపోయాయి. జన్యువే వాటిని ఎదగనివ్వడం లేదని ల్యాబు పెద్దావిడ తేల్చేసి, సోమవారం గింజలతో సహా కాల్చేయమంది.

పదేపదే తాకితే ఏ టమాటా మొక్కయినా పొట్టిగానే ఉండిపోతుంది. కానీ తాకిందెవరు? నీళ్లు అడుగునుంచి గొట్టంలో వస్తాయి. తను గ్లవ్స్ లేకుండా ఏనాడూ లోపలికి వెళ్లలేదు, ఆకు తుంచాలన్నా పట్టకారుతోనే. ఈ సంగతి చెబితే పెద్దావిడ నవ్వేసింది. దయ్యాన్ని సాక్ష్యంగా తెస్తే కుదరదని, తాకిన మనిషిని తెచ్చి నిలబెడితే గింజలు ఉంచుతానని అంది.

ఆమె మళ్లీ ఆ గదికి వెళ్లింది. తలుపు పక్కన కొక్కేనికి అక్క తెల్లకోటు ఇంకా వేలాడుతోంది. తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఈ మధ్య తరచూ జరుగుతున్నట్టే ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. గాలి లేదు. మామూలు మొక్కలు బొమ్మల్లా నిలబడ్డాయి. అక్క వరస మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా ఊగుతోంది, ఎవరో చేయి రాసుకుంటూ అప్పుడే నడిచి వెళ్లినట్టు. ఆకు వాసన గుప్పుమంది. అక్క కొంగులో ఎప్పుడూ ఉండే వాసన. "అక్కా" అనబోయి ఆగి, తలుపు వేసి బయటికొచ్చేసింది.

అక్క పోయాక అమ్మా ఆమే బావ ఇంట్లోనే ఉంటున్నారు. బావ ఆ ల్యాబులోనే ఏసీ మెకానిక్కు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె మొహం చూసి నవ్వాడు.

"ఏం డాక్టరమ్మా, అలా ముడుచుకుపోయావు? నీ మొక్కలతో పోటీనా?"

అమ్మ ఉతకడానికి తీసిన తెల్ల తువాలును ఆమె ఒళ్లో పడేసింది.

"అచ్చం మీ అక్కలాగే. సగం చేతులు కడుక్కుని సగం దీనికి తుడుస్తావు. ఈ మరకలు దాంతోనే పోయాయనుకున్నా."

తువాలు మీద పసుపుపచ్చ మరకలు. టమాటా పసరు వేళ్లకు నల్లగా పట్టేసి, తడి తగిలితే ఇలా పచ్చగా దిగుతుంది. ఆమె వేళ్లకు ఎప్పుడూ గ్లవ్సే. మరి ఈ ఇంట్లో చేతులు తుడుచుకుంటున్నదెవరు? అప్పుడు కనిపించాయి, గ్లాసు పట్టుకున్న బావ వేళ్లు. నల్లటి జిడ్డు. మెకానిక్కు కదా, గ్రీజే అనుకున్నారు అందరూ.

"చెయ్యి ఇలా ఇవ్వు బావా."

ఆ వేళ్ల మీద నాలుగు చుక్కలు నీళ్లు పోసి తువాలుతో ఒత్తింది. పసుపు దిగింది. ఎవరో రోజూ తాకబట్టే ఆ మొక్కలు ఎదగలేదని, ఆ మనిషిని చూపించకపోతే సోమవారం గింజలతో సహా కాల్చేస్తారని చెప్పింది. బావ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"నేనే. ఫ్యాన్లు ఆపేదీ నేనే, లోపలికి వెళ్లడానికి సాకు కావాలిగా. మొదటిసారి నిజంగానే ఫ్యాను చెడింది. బిగిస్తుంటే చెయ్యి ఆ మొక్కలకు తగిలింది. మీ అక్క వాసన. మర్నాడు మళ్లీ వెళ్లా. ఆ తర్వాత వెళ్లకుండా ఉండలేకపోయా. ఇందాక కూడా నీ అడుగుల చప్పుడు విని వెనక తలుపులోంచి బయటపడ్డా. పక్క వరసకీ అదే వాసనంటావు, నాకూ తెలుసు. కానీ వాటి గింజలు తను తీసినవి కావుగా. తాకితే ఎదగవని నాకు తెలీదమ్మా. గిడసబారుతుంటే వాటికీ జబ్బు చేసిందేమో అనుకుని ఇంకాసేపు నిమిరా. పద, మీ పెద్దావిడ దగ్గరికి. ఆ తువాలు కూడా పట్టుకో. తాళాలు లాక్కుంటే లాక్కోనీ, ఉద్యోగం పీకితే పీకనీ. గింజలు మాత్రం కాల్చొద్దను. వాటిని పొట్టివి చేసింది నేనని నా నోటితో నేనే చెప్తా."