అంచులో తాళం

పేజీలు పేర్చే ఆ పెద్దాయనను పత్రికాఫీసులో అందరూ కత్తెర బాబాయి అంటారు. కోతలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే అయినా పేరు మాత్రం పోలేదు. ముప్పై ఏళ్లలో ఆయన ఫోటోలకు తెగ్గోసిన అంచులన్నీ అతికిస్తే ఊరంతటికీ పందిరి వేయవచ్చు. ఎందరు పెద్దమనుషుల మోచేతులు, ఎందరు పెళ్లికొడుకుల చెవులు ఆయన చేతిలో గల్లంతయ్యాయో!

ఆ మధ్యాహ్నం ఫోటోగ్రాఫరమ్మాయి బట్టల ఫ్యాక్టరీ నుంచి ఒక ఫోటో తెచ్చింది. మంచి పనిమంతురాలికి యజమాని బహుమతి ఇస్తున్నాడు. వెనుక కుట్టుమిషన్ల బారులు.

"నవ్వు భలే పడింది కదా బాబాయ్! చోటు తక్కువట, కుడివైపు కోసెయ్."

"నవ్వా అది? పన్ను పీకించుకుంటున్నట్టున్నాడు" అంటూ ఆయన తెర మీది కోత గీతను ఫోటో కుడి అంచుకు జరిపాడు. జరిపినవాడు జరిపినట్టే ఆగిపోయాడు.

ఆ అంచులో ఒక తలుపు. దాని మీద 'అత్యవసర ద్వారం' అని ఎర్రటి అక్షరాలు. గొళ్లేనికి పిడికెడంత తాళం. దాని ముందు నిలువెత్తు గుడ్డల మూటలు.

ఆయన కోడలు ఆ ఫ్యాక్టరీ హాల్లోనే బట్టలు కుడుతుంది. "బట్టలు ఎత్తుకుపోతామని వెనక తలుపుకి తాళమేశారు మామయ్యా. నిప్పంటుకుంటే మా గతేంటి?" అని నాలుగుసార్లు చెప్పింది. భోంచేస్తూ నాలుగుసార్లూ ఊఁ కొట్టాడాయన. ఇదే పత్రికలో విలేకరి రెండుసార్లు రాశాడు కూడా. చదివినవాళ్లు పేజీ తిప్పేశారు.

ఇప్పుడు మాత్రం ఆయన ఆ తాళాన్ని తెరంతా పెద్దది చేశాడు. "అమ్మాయ్, ఇది చూశావా?"

ఆమె వంగి చూసింది. "తీసింది నేనే బాబాయ్. చూడలేదు."

ఆయన వెళ్లి ఎడిటరమ్మను చేయిపట్టి లాక్కొచ్చినంత పని చేశాడు.

"యజమాని ఊరుకోడేమో" అంది ఎడిటరమ్మ ఫోటో చూసి.

"ఊరుకోడమ్మా. లోపల రెండొందల మంది ఆడవాళ్లున్నారు. మా కోడలుంది."

ఎడిటరమ్మ తాళం మీద వేలు పెట్టింది. "యజమానిని కోసెయ్. తాళం ఉంచు. మొదటి పేజీలో పెద్దగా వెయ్యి."

మర్నాడు బస్సుల్లో, దుకాణాల ముందు ఆ పేజీ తిప్పినవాడు లేడు. ప్రతివాడికీ ఆ మూటల వెనుక తన చెల్లెలో, తల్లో కనబడింది. తొమ్మిదింటికల్లా ఫ్యాక్టరీ దగ్గర తనిఖీ అధికారి దిగాడు, వెంట వందలమంది జనం. తాళంచెవి ఎక్కడుందో యజమానికే తెలియదు! సుత్తితో పగలగొట్టారు.

"తలుపు తెరవగానే ఒక్కొక్కరం బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చాం మామయ్యా, ఊరికే. సూపర్‌వైజర్ అరుస్తున్నా ఎవరూ వినలేదు. ఎండ ఎంత బాగుందో!" అంది ఆ సాయంత్రం కోడలు.

"నువ్వెన్నిసార్లు వెళ్లొచ్చావ్?"

"మూడుసార్లు."

బాబాయి నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పినప్పుడే కదలాల్సింది తల్లీ. నా కళ్లతో చూస్తే గానీ కదల్లేదు."

అయ్యా, అమ్మా! పత్రికలో పడ్డ ఒక్క నిజమైన ఫోటోకున్న బలం ఇదే: దాన్ని చూసిన ఊరికి ఇక ఎప్పటికీ 'మాకు తెలియదు' అనే వీలుండదు.