మోపు కట్టకముందే

నిజామాబాద్ ఆఫీసులో అంకిత పొద్దుటి నుంచీ ప్రోగ్రామునూ దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన ఒక కంటైనర్ ఇమేజ్‌తో కుస్తీ పడుతోంది. ప్యాకేజీలు ఎక్కించాక మిగిలిన పనికిరాని తాత్కాలిక ఫైళ్ల క్యాష్‌ను ఇమేజ్ తయారుచేసే ఆదేశాల ఫైలు చివరి వరుసలో తుడిపేసినా సైజు రవ్వంతైనా తగ్గలేదు. విసుగొచ్చి, ఎడపల్లిలో చెరుకు కొట్టిస్తున్న నానమ్మ లింగవ్వకు ఫోన్ చేసింది.

అవతల లింగవ్వ కూలీల మీద మండిపడుతోంది. "మోపు కట్టినంక పైపైన దులిపితే లోపలి ఆకు పోతదా? కోసిన కాడనే ఆకు తీసి, గప్పుడు కట్టుండ్రి!"

అంకితకు చటుక్కున వెలిగింది. తను చేసిందీ అదే కదా! ఫైల్లో ఒక్కో వరుసా ఒక్కో మోపు. కట్టు పడ్డాక లోపలిది రాదు. అంకిత ప్యాకేజీలు ఎక్కించే వరుసలోనే క్యాష్ తుడిపించింది. ఇమేజ్ సైజు సగానికి దిగింది.

"అవ్వా, నీ పుణ్యాన గట్టెక్కిన."

"నేనేం జేసిన బిడ్డా? కూలోళ్లను తిట్టిన, గంతే."

ఫైల్లో చేసిన మార్పు ఎవరిదో రాసే చోట అంకిత తన పేరు చెరిపేసి, 'ఎడపల్లి లింగవ్వ' అని రాసింది.